కరెంటు వచ్చింది, మానిటర్ మాత్రం రాలేదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కరెంటు పోయి వచ్చాక మానిటర్ పనిచేయడం లేదంటూ వచ్చిన ప్రశ్నల్లో ఒకదానితో ఒకటి పోలని వాటిని ఈసారి తీసుకున్నాం. "తెర నల్లగా ఉంది" అనే దాదాపు అందరూ రాస్తారు. ఆ ఒక్క మాట వెనక మూడు వేర్వేరు లోపాలు ఉండొచ్చు. మానిటర్‌కు కరెంటే అందకపోవచ్చు. కరెంటు ఉన్నా కంప్యూటర్ నుంచి బొమ్మ రాకపోవచ్చు. బొమ్మ వచ్చినా తెర వెనక లైటు వెలగకపోవచ్చు. మీది ఏదో ముందు తేల్చుకోండి. పవర్ బటన్ దగ్గర ఉండే చిన్న లైటును చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ప్రశ్న: రాత్రి కరెంటు పోయి రెండు గంటల తర్వాత వచ్చింది. అప్పటి నుంచి మానిటర్ బటన్ ఎంత నొక్కినా చిన్న లైటు కూడా వెలగడం లేదు. ఆరేళ్లుగా ఏ ఇబ్బందీ పెట్టని మానిటర్ ఇది. హైవోల్టేజికి కాలిపోయినట్టేనా? కొత్తది కొనాల్సిందేనా?

జవాబు: అప్పుడే కొనకండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి కాలిపోయిందని అనుకోవడానికి లేదు.

ముందు మానిటర్ దాకా కరెంటు వస్తోందో లేదో చూడాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డును పక్కనపెట్టి నేరుగా గోడ సాకెట్టులో పెట్టండి. అదే సాకెట్టులో టేబుల్ లైటు లాంటిది పెట్టి వెలుగుతోందో చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుల్లో చాలావాటికి పక్కన ఒక చిన్న బటన్ ఉంటుంది. లోడు ఎక్కువైతే అది బయటికి తన్నుకొస్తుంది, మళ్లీ లోపలికి నొక్కితే గానీ బోర్డు పనిచేయదు. ఆ తర్వాత కరెంటు వైరు. మానిటర్ వెనక గుచ్చే మూడు రంధ్రాల వైరు, సీపీయూ డబ్బాకు వాడే వైరు సాధారణంగా ఒకే రకం. రెండింటినీ మార్చి చూడండి. ఆ మూడు రంధ్రాల కొన వదులై, పైకి గుచ్చినట్టే కనిపిస్తూ లోపల తగలకపోవడం చాలా మామూలు.

ఇవన్నీ బాగుంటే మానిటర్‌ను పూర్తిగా ఖాళీ చేయాలి. గోడ నుంచి ప్లగ్గు తీసేయండి. వెనక ఉన్న హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ (ఇవి కంప్యూటర్ నుంచి బొమ్మను తెచ్చేవి), యూఎస్‌బీ కేబుళ్లు కూడా తీసేయండి. పవర్ బటన్‌ను 30 సెకన్ల పాటు నొక్కి పట్టి వదలండి. 10 నిమిషాలు అలాగే ఉంచండి. తర్వాత కరెంటు వైరు ఒక్కటే పెట్టి, 10 సెకన్లు ఆగి, బటన్‌ను ఒక్కసారి మామూలుగా నొక్కండి. కరెంటు వచ్చేటప్పుడు రెండు మూడుసార్లు పోయి వస్తే గోడ కరెంటును మానిటర్‌కు తగ్గట్టు మార్చే పవర్ బోర్డులోని కంట్రోల్ చిప్ రక్షణ కోసం తాళం వేసుకోవచ్చు. బోర్డులో కరెంటును కాసేపు దాచి ఉంచే పెద్ద కెపాసిటర్ చార్జి మొత్తం దిగేదాకా ఆ తాళం ఊడదు. సిగ్నల్ కేబుళ్లు ఎందుకు తీయాలంటే, హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా కంప్యూటర్ 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. కొన్ని మానిటర్లలో ఆ కాస్త కరెంటుతోనే లోపలి చిప్ సగం మేలుకుని ఉండి, మొదటి నుంచి మొదలుకాదు. కేబుళ్లు వదిలేసి కరెంటు వైరు ఒక్కటే తీసి "రీసెట్ చేశాం, లాభం లేదు" అనుకునేవాళ్లు ఎక్కువ.

అప్పటికీ లేవకపోతే లోపం పవర్ బోర్డులోనే ఉండే అవకాశం ఎక్కువ. మీరు రాసినట్టు ఆరేళ్లు నడిచి, రెండు గంటలు ఆగేసరికి లేవని మానిటర్‌లో మొదట అనుమానించాల్సింది హైవోల్టేజిని కాదు, ముసలివైన కెపాసిటర్లను. మానిటర్ ఆపినా అది ప్లగ్గులో ఉన్నంతకాలం పవర్ బోర్డు కొంచెం పనిచేస్తూ గోరువెచ్చగా ఉంటుంది. కెపాసిటర్లలోని ద్రవం ఏళ్ల తరబడి ఎండుతూ వస్తే వాటి లోపలి నిరోధం పెరుగుతుంది. వెచ్చగా ఉన్నంతసేపు ఎలాగో లాక్కొస్తాయి. రెండు గంటలు కరెంటు పోయి పూర్తిగా చల్లబడ్డాక మొదటి తోపుకు కావలసిన కరెంటును అందించలేవు. అంటే లోపం ముందు నుంచీ ఉంది, కరెంటు కోత దాన్ని బయటపెట్టిందంతే. చిన్న లైటు సెకనుకోసారి మిణుకుమనడం, లోపలి నుంచి టిక్ టిక్ మని వినిపించడం, పదిసార్లు నొక్కితే ఒకసారి లేవడం కెపాసిటర్ల గుర్తులు. కాలిన కంపు, వెంటిలేషన్ చీలికల దగ్గర మసి, కరెంటు వచ్చిన క్షణంలో 'టప్' మన్న శబ్దం ఉంటే మాత్రం హైవోల్టేజి దెబ్బను అనుమానించాలి.

కెపాసిటర్లు మార్చడం చిన్న రిపేరు. మానిటర్‌లో ఖరీదైనది తెర పలక. అది బాగున్నప్పుడు ఆరేళ్ల మానిటర్‌ను రిపేరు చేయించుకోవడమే సబబు. ఒక జాగ్రత్త: వెచ్చబెడితే లేస్తుందని హెయిర్ డ్రయ్యర్‌తో వేడిగాలి పట్టొద్దు. తెర లోపలి పొరలు వంకరపోతే రిపేరుతో సరయ్యే వస్తువు కాస్తా పారేయాల్సిన వస్తువవుతుంది.

ప్రశ్న: మా మానిటర్‌కు బయట అడాప్టరు ఉంటుంది. దాని మీద లైటు వెలుగుతోంది, మానిటర్ మాత్రం రావడం లేదు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ అడాప్టరు ఉంది, పెట్టి చూడొచ్చా?

జవాబు: లేబుల్ చదవకుండా పెట్టొద్దు. మానిటర్ అడాప్టర్లు 12 వోల్టులవి, 14 వోల్టులవి, 19 వోల్టులవి అన్నీ ఉన్నాయి. ల్యాప్‌టాప్‌వి ఎక్కువగా 19 దరిదాపుల్లో ఉంటాయి. 14 వోల్టుల మానిటర్‌కు 19 వోల్టులు ఎక్కిస్తే కరెంటు కోత చేయని నష్టం మనమే చేసినట్టవుతుంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉండాలి. ఎక్కువ ఉంటే హాని లేదు, మానిటర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. ప్లస్సు లోపలా బయటా అన్న చిన్న గుండ్రటి బొమ్మ లేబుల్ మీద ఉంటుంది, అదీ కలవాలి. పిన్ను లావు కలవాలి. అది వదులుగా ఉంటే తగిలీ తగలక నిప్పురవ్వలు వస్తాయి.

అడాప్టరు మీద లైటు వెలిగినంత మాత్రాన అది బాగున్నట్టు కాదు. ఆ లైటుకు అతి తక్కువ కరెంటు చాలు. మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి పిన్ను లోపల ఒక ముల్లు, బయట ఒక ముల్లు తగిలించండి. 19 వోల్టులదైతే 18.5 నుంచి 19.5 మధ్య నిలకడగా ఉండాలి. అంకె పైకీ కిందికీ ఊగుతుంటే అడాప్టరే పోయింది. నిలకడగా ఉన్నా పూర్తిగా నమ్మలేం. లోడు లేనప్పుడు సరిగ్గా చూపించి మానిటర్‌కు తగిలించగానే కుంగిపోయే అడాప్టర్లు చాలా ఉన్నాయి.

అందుకే ఇంకో పరీక్ష చేయండి. మానిటర్‌కు పెట్టగానే అడాప్టరు లైటు ఆరిపోయి, తీసి కాసేపాగితే మళ్లీ వెలుగుతుంటే ఒకటి అడాప్టరు బలహీనపడి ఉండాలి, లేదా మానిటర్ లోపల షార్టై ఉండాలి. అన్ని విధాలా సరిపోయే ఇంకో మంచి అడాప్టరు పెట్టినా అదే జరిగితే షార్టు లోపలే. అప్పుడు మళ్లీ మళ్లీ పెట్టి చూడకండి.

ప్రశ్న: మానిటర్ వెలుగుతోంది. కంపెనీ బొమ్మ వస్తుంది, తర్వాత "నో సిగ్నల్" అని చూపించి నిద్రలోకి వెళ్లిపోతుంది. మానిటర్‌ను రిపేరుకు ఇవ్వమంటారా?

జవాబు: వద్దండీ. ఆ అక్షరాలు మీకు చదవడానికి వీలుగా కనిపించాయంటే పవర్ బోర్డు, తెర, వెనక లైటు పనిచేస్తున్నాయి. వెతకాల్సింది కేబుల్‌లో, కంప్యూటర్‌లో.

మొదట మానిటర్ బటన్లతో ఇన్‌పుట్ చూడండి. కేబుల్ డిస్‌ప్లేపోర్ట్‌లో ఉండి మానిటర్ హెచ్‌డీఎంఐ వైపు చూస్తుంటే ఎప్పటికీ నో సిగ్నలే. "ఆటో" అని పెట్టి ఉన్నా నమ్మకుండా చేత్తో ఎంచుకోండి.

తర్వాత కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ నడుస్తోంది, బొమ్మ మాత్రమే ఇటు రావడం లేదు. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి కీలు నాలుగూ ఒకేసారి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. ఒక బీప్ వినిపించి తెర రావచ్చు. అదీ కాకపోతే కేబుల్‌ను రెండు కొసల దగ్గరా తీసి, మానిటర్ ప్లగ్గును ఒక నిమిషం తీసి ఉంచి మళ్లీ పెట్టండి. ముఖ్యంగా డిస్‌ప్లేపోర్ట్‌కు ఇది పనిచేస్తుంది. కరెంటు వచ్చినప్పుడు కంప్యూటర్ ముందు లేచి మానిటర్ ఆలస్యమైతే, అవతల మానిటర్ లేదని కంప్యూటర్ ఆ దారి మూసేయవచ్చు. నాసిరకం డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో ఇంకో చిక్కుంది. ప్రమాణం ప్రకారం కేబుల్‌లో 20వ పిన్నును కలపకూడదు. కొందరు తయారీదారులు కలిపేస్తారు. దాని గుండా ఒక పరికరం కరెంటు ఇంకోదానిలోకి ఎదురెక్కి, రెండూ సరిగ్గా రీసెట్ కావు. కంప్యూటర్ ఆపినా మానిటర్ వైపు నుంచి దానిలోకి కొంచెం కరెంటు వస్తూ ఉందనిపిస్తే ఆ కేబుల్ మార్చేయండి.

నమ్‌లాక్ లైటు కదలకపోతే కంప్యూటరే లేవలేదు. ఫ్యాను తిరుగుతోంది కదా అనుకోవద్దు, ఫ్యాను తిరగడానికి 12 వోల్టులు ఉంటే చాలు. ప్లగ్గు తీసి, సీపీయూ డబ్బా పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టి వదిలి, మళ్లీ వేయండి. లేవకపోతే మళ్లీ ప్లగ్గు తీసి, డబ్బా తెరిచి, ర్యాం (మెమరీ) కడ్డీలను ఊడదీసి రెండు వైపులా 'టక్' మనేలా గుచ్చండి. రెండు ఉంటే ఒక్కోటి పెట్టి చూడండి. కొత్త మదర్‌బోర్డుల్లో చాలావాటి మీద సీపీయూ, డీర్యామ్ (మెమరీ), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని రాసిన నాలుగు చిన్న లైట్లుంటాయి. ఏది వెలిగి నిలిచిపోయిందో అక్కడే పని ఆగింది.

చాలామంది ఊహించని కారణం ఒకటుంది. మదర్‌బోర్డు మీద ఉండే నాణెం లాంటి సీఆర్2032 బ్యాటరీ. ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం బోర్డు సెట్టింగులు ఆ కరెంటుతోనే నిలబడతాయి కాబట్టి బ్యాటరీ అయిపోయినా తెలియదు. కరెంటు పోయిన రోజే అన్నీ చెరిగిపోతాయి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో అలా జరిగితే బొమ్మ కార్డుకు బదులు మదర్‌బోర్డు సాకెట్టు నుంచి రావడం మొదలవచ్చు. కేబుల్‌ను ఆ సాకెట్టుకు మార్చి చూడండి. బొమ్మ వచ్చి, తేదీ ఏళ్ల వెనక్కి పోయి కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ బ్యాటరీ 3 వోల్టులది. మీటరులో 2.8 కంటే తక్కువ చూపిస్తే మార్చండి. తర్వాత బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి మొదటి డిస్‌ప్లేగా గ్రాఫిక్స్ కార్డును ఎంచుకోండి.

ప్రశ్న: ఆన్ చేయగానే బొమ్మ రెండు సెకన్లు కనబడి నల్లబడిపోతుంది. లైటు మాత్రం నీలంగా వెలుగుతూనే ఉంటుంది. కంప్యూటర్ శబ్దాలన్నీ మామూలుగా వస్తున్నాయి.

జవాబు: గదిలో లైట్లు ఆర్పి, టార్చి లేదా ఫోన్ లైటును తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టండి. ఐకాన్లు, కిటికీల అంచులు మసకగా కనిపిస్తే బొమ్మ ఉంది, బ్యాక్‌లైట్, అంటే తెర వెనక లైటు, లేదు.

పాత మానిటర్లలో సన్నని ట్యూబులు ఉంటాయి. వాటిని వెలిగించడానికి ఇన్వర్టర్ అనే భాగం వెయ్యి వోల్టుల పైనే పుట్టిస్తుంది. ఒక ట్యూబు బలహీనపడినా, ఇన్వర్టర్‌కు అందే సరఫరా కుంగినా రక్షణ వ్యవస్థ ఒకటి రెండు సెకన్లలో అన్నింటినీ ఆపేస్తుంది. మీ రెండు సెకన్లు అవే. ఎల్‌ఈడీ రకంలోనూ ఇలాగే జరుగుతుంది. వరసగా కలిపిన ఎల్‌ఈడీల్లో ఒక్కటి తెగినా ఆ వరసంతా ఆరి, డ్రైవర్ చిప్ మిగతావాటినీ ఆపేయవచ్చు. రిపేరుకు ఇచ్చేముందు వెలుగును 20 శాతానికి తగ్గించి చూడండి. మెనూ కనిపించే ఆ రెండు సెకన్లలో పని కాకపోతే ఆపి మళ్లీ వేసుకుంటూ చేయాలి, ఓపిక కావాలి. తక్కువ వెలుగులో నిలబడితే లోపం చాలావరకు సరఫరా వైపు, అంటే కెపాసిటర్లలో. ఎంత తగ్గించినా ఆరిపోతే ట్యూబు లేదా ఎల్‌ఈడీ పట్టీ. మొదటిది తేలిక పని. రెండోదానికి తెర పలకను విప్పాలి, అనుభవం లేని చేతికి ఇవ్వకండి.

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాను. మా ఇంట్లో మానిటర్ పవర్ బోర్డును నేనే చూడాలనుకుంటున్నాను. మీటరు, సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పెద్ద కెపాసిటర్ దగ్గర మొదలుపెట్టండి, అదీ రిపేరు కోసం కాదు, మీ ప్రాణం కోసం. 230 వోల్టుల సరఫరాను డీసీగా మారిస్తే దాని మీద 325 వోల్టులు నిలుస్తాయి. బోర్డు పాడై స్విచింగ్ ఆగిపోయినప్పుడే అది ఎక్కువసేపు చార్జి పట్టి ఉంచుతుంది, ఎందుకంటే దాన్ని ఖాళీ చేసేవారు లేరు. కాబట్టి చచ్చిన బోర్డు మరింత ప్రమాదం. ప్లగ్గు తీసి 10 నిమిషాలు ఆగండి. మీటరును డీసీ 600 లేదా 1000 వోల్టుల దగ్గర పెట్టి కొలవండి. ఇంకా చార్జి ఉంటే 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌ను ప్లయర్‌తో పట్టుకుని రెండు కాళ్ల మధ్య 10 సెకన్లు తగిలించండి. మళ్లీ కొలిచి, 5 వోల్టుల లోపు వచ్చాకే చెయ్యి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసే అలవాటు చాలామందికి ఉంది. అది కెపాసిటర్‌నూ పాడుచేస్తుంది, కంట్లోకి రవ్వలూ తెస్తుంది. మీరు మొదటి నుంచే ఆ అలవాటు చేసుకోకండి.

ఇక ఫ్యూజు. కరెంటు వైరు బోర్డులోకి వచ్చే చోటే ఉంటుంది. సాధారణంగా 250 వోల్టులు, 2 నుంచి 4 ఆంపియర్ల మధ్య. అంకె ముందు 'టీ' అని ఉంటే నిదానంగా తెగే రకం. తెగితే అదే రకం వేయాలి. ఫ్యూజు గాజు నల్లబడి, లోపల వెండిరంగు పూత అంటుకుని ఉంటే వెనక గట్టి షార్టుంది. కొత్త ఫ్యూజు వేసినా మరుక్షణం పోతుంది. తీగ మధ్యలో శుభ్రంగా తెగి, గాజు తేటగా ఉంటే ఫ్యూజే అలసి తెగి ఉండొచ్చు. ఏ సందర్భంలోనూ దాని స్థానంలో రాగి తీగ చుట్టవద్దు.

ఫ్యూజు పక్కన నీలంగానో పసుపుగానో బిళ్లలా ఉండేది వ్యారిస్టర్. దాని మీద పగులు, మసి ఉంటే హైవోల్టేజి వచ్చిందని అర్థం. తాను షార్టై, ఫ్యూజును తెంపి, మిగతా బోర్డును కాపాడింది. అలాంటప్పుడు చాలాసార్లు ఆ రెండూ మారిస్తే మానిటర్ లేస్తుంది. వ్యారిస్టర్ తీసేసి ఫ్యూజు మాత్రం వేసినా మానిటర్ నడుస్తుంది గానీ రెండో దెబ్బకు అడ్డం ఏమీ ఉండదు, అందుకే అదే విలువది తప్పకుండా వేయండి.

వ్యారిస్టర్ బాగుంటే బ్రిడ్జి రెక్టిఫయర్‌ను డయోడ్ మోడ్‌లో చూడండి. ఒక్కో డయోడు ఒక దిశలో 0.5 నుంచి 0.7 చూపించాలి, రెండో దిశలో ఏమీ చూపించకూడదు. తర్వాత హీట్‌సింకుకు బిగించిన మోస్‌ఫెట్. డ్రెయిన్, సోర్సు మధ్య రెండు దిశల్లోనూ సున్నా వస్తే షార్టైంది. అది ఒక్కటే మార్చి ఆన్ చేయకండి. మోస్‌ఫెట్ పోయేటప్పుడు సోర్సు కాలి దగ్గరుండే ఒక ఓమ్ లోపు రెసిస్టర్‌నూ, గేటును నడిపే చిప్‌నూ వెంట తీసుకుపోవడం మామూలు. వాటిని చూడకుండా వేస్తే కొత్త మోస్‌ఫెట్ కూడా పోతుంది.

ఇవన్నీ బాగుండి లేవకపోతే అవుట్‌పుట్ వైపు కెపాసిటర్లు. పైకప్పు చదునుగా ఉండాలి. కొంచెం ఉబ్బినా, అడుగున గోధుమరంగు మరక ఉన్నా తీసేయండి. చదునుగా ఉన్నవీ చెడిపోయి ఉండొచ్చు, అక్కడే చాలామంది మోసపోతారు. మీటరులో మైక్రోఫారడ్లు సరిగ్గానే చూపించి, లోపలి నిరోధం, అంటే ఈఎస్‌ఆర్, పెరిగిపోయి ఉంటుంది. దానికి ఈఎస్‌ఆర్ మీటరు కావాలి. అది లేకపోతే డయోడు హీట్‌సింకును ఆనుకున్న కెపాసిటర్లను మొదట మార్చండి, ఆ వేడికి ముందుగా ఎండేవి అవే. మైక్రోఫారడ్లు అంతే ఉండాలి. వోల్టులు అంతే గానీ ఎక్కువ గానీ, 105 డిగ్రీల రకం, తక్కువ ఈఎస్‌ఆర్ ఉన్నవి. కంట్రోల్ చిప్‌కు కరెంటిచ్చే బుల్లి కెపాసిటర్ ఒకటి ఇన్‌పుట్ వైపే ఉంటుంది, సాధారణంగా 10 నుంచి 47 మైక్రోఫారడ్లది. అవుట్‌పుట్ వైపు పెద్దవన్నీ మార్చి దీన్ని మరిచిపోతే మానిటర్ మళ్లీ టిక్ టిక్ మంటూనే ఉంటుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కు మైనస్ వైపు చార ఉంటుంది. తీసేముందే ఫోటో తీసుకోండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బును ఫేజు వైరులో వరసగా కలపండి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే షార్టు లేదు. నిండుగా వెలుగుతూ ఉండిపోతే వెంటనే ఆపేయండి, షార్టు ఇంకా ఉంది. ఫ్యూజులు, మోస్‌ఫెట్లు వరసపెట్టి కాల్చుకోకుండా ఇది కాపాడుతుంది. ఈ పని చేస్తున్నప్పుడు గదిలో ఇంకొకరు ఉండాలి.

ప్రశ్న: ఆ రోజు కరెంటు పోకముందు ఇంట్లో కొన్ని లైట్లు విపరీతంగా వెలిగాయి, కొన్ని మసకబారాయి. ఇప్పుడు మానిటర్, రూటరు, టీవీ మూడూ పనిచేయడం లేదు.

జవాబు: మానిటర్ సంగతి తర్వాత. మెయిన్ స్విచ్ ఆపి, ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) చూపించండి. కొన్ని లైట్లు ఎక్కువ, కొన్ని తక్కువ వెలగడం త్రీఫేజు సరఫరాలో న్యూట్రల్ తెగినదానికి గుర్తు. అప్పుడు 230 వోల్టులు రావాల్సిన చోట 400 దరిదాపుల దాకా పోవచ్చు. 400 వోల్టులను డీసీగా మారిస్తే 565. మానిటర్‌లోని పెద్ద కెపాసిటర్ తట్టుకునేది 400 లేదా 450. దాన్ని పేల్చడానికి ఇది చాలు. న్యూట్రల్ సరిచేయించకుండా మానిటర్ బాగుచేయించి తెచ్చి పెడితే మళ్లీ పోతుంది. మీటరుతో ప్రతి సాకెట్టులోనూ ఫేజు, న్యూట్రల్ మధ్య కొలిపించి, అన్నీ మామూలుగా వచ్చాకే ఏదైనా ప్లగ్గులో పెట్టండి.

ఇలాంటి హైవోల్టేజికి సర్జ్ ప్రొటెక్టర్ బోర్డు సరిపోదు. అందులోని వ్యారిస్టర్ క్షణంలో వచ్చి పోయే తాకిడిని మింగగలదు, నిమిషాల తరబడి నిలిచే ఎక్కువ వోల్టేజికి తానే కాలిపోతుంది. దీనికి కావలసింది ఓవర్ వోల్టేజి కటాఫ్. 260, 270 వోల్టులు దాటగానే రిలేతో, అంటే కరెంటుతో నడిచే స్విచ్‌తో, లైను తెంపి, మామూలు స్థితికి వచ్చాక కొన్ని నిమిషాలు ఆగి కలుపుతుంది.

ప్రశ్న: కరెంటు వచ్చాక తెర మీద నిలువు గీతలు కనిపిస్తున్నాయి. డ్రైవర్ మళ్లీ వేసినా పోవడం లేదు.

జవాబు: మానిటర్ మెనూ తెరవండి. గీతలు మెనూ మీద కూడా ఉంటే, సిగ్నల్ కేబుల్ తీసేసినా ఉంటే, తప్పు తెర పలకది లేదా దాన్ని బోర్డుకు కలిపే రిబ్బన్లది. డ్రైవర్‌తో పని లేదు. మెనూ శుభ్రంగా ఉండి వెనక బొమ్మలోనే గీతలుంటే కేబుల్, తర్వాత గ్రాఫిక్స్ కార్డు చూడండి. పలకలో ఒకే నిలువు గీత వస్తే రిపేరు చేయించుకోవడం కంటే అలాగే వాడుకోవడం మేలని మా అభిప్రాయం.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడల్లా ప్లగ్గు తీసేయాలా? స్టెబిలైజర్ కొనమంటున్నారు.

జవాబు: ప్లగ్గు తీయడం మంచి అలవాటు, తీయలేకపోతే కనీసం స్విచ్ ఆపండి. నష్టం ఎక్కువగా కరెంటు పోయినప్పుడు కాదు, వచ్చినప్పుడు జరుగుతుంది. చుట్టుపక్కల ఆగిన మోటార్లు, ఫ్రిజ్‌లు ఒక్కసారిగా లేస్తాయి, వోల్టేజి కుంగి ఎగురుతుంది, కొన్నిసార్లు సెకన్ల తేడాలో లైను పోయి వస్తుంది. మానిటర్ బోర్డులో మొదటి ఉరవడిని ఆపే థర్మిస్టర్ ఒకటుంటుంది. చల్లగా ఉన్నప్పుడే దాని నిరోధం ఎక్కువ. వేడెక్కాక అది తగ్గిపోతుంది, మళ్లీ చల్లబడటానికి నిమిషం పైన పడుతుంది. అందుకే కరెంటు వచ్చాక 5 నిమిషాలు నిలకడగా ఉందని చూసి వేయండి.

స్టెబిలైజర్ మానిటర్‌కు అక్కర్లేదు. దాని వెనక లేబుల్ చూడండి, సాధారణంగా 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. లోవోల్టేజిని అదే సర్దుకుంటుంది. ఉరుములప్పుడు మాత్రం కరెంటు వైరుతో పాటు నెట్ కేబుల్ కూడా తీయండి. పిడుగు తాకిడి రూటరు గుండా లోపలికి రాగలదు.

ప్రశ్న: యూపీఎస్ ఉంది. అయినా కరెంటు పోగానే సీపీయూ నడుస్తూనే ఉంటుంది, మానిటర్ ఒక్కటే ఆరిపోతుంది. యూపీఎస్ తిరగడం ఆలస్యమవుతోందా?

జవాబు: ఆలస్యం కారణం కాదు. మామూలు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి 4 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది. బాగున్న మానిటర్‌లోని పెద్ద కెపాసిటర్ అంతకంటే ఎక్కువసేపే నడిపించగలదు. యూపీఎస్ వెనక సాకెట్ల దగ్గర రాతలు చదవండి. కొన్నింటికి బ్యాటరీ ఉంటుంది, కొన్నింటికి సర్జ్ రక్షణ మాత్రమే. మీ మానిటర్ రెండో రకంలో ఉండి ఉంటుంది, బ్యాటరీ సాకెట్టుకు మార్చండి. మార్చినా ఆరిపోతే మానిటర్‌లోని కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు.

మార్చాక సీపీయూ, మానిటర్ రెండూ కలిపి ఎంతసేపు నిలుస్తాయో ఒకసారి చూసుకోండి. 600 వీఏ యూపీఎస్‌లో సాధారణంగా 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది. 150 వాట్ల లోడుకు కొత్తగా ఉన్నప్పుడు 10 నుంచి 15 నిమిషాలు వస్తుంది. ఫైళ్లన్నీ మూసేసి, గోడ స్విచ్ ఆపి చూడండి. 3 నిమిషాలకే కూతపెట్టి ఆగిపోతే బ్యాటరీ మార్చే సమయం వచ్చింది. అవి మూడు నుంచి ఐదేళ్లే ఉంటాయి. లేజర్ ప్రింటరును మాత్రం ఆ బ్యాటరీ సాకెట్లలో పెట్టకండి. వేడెక్కే క్షణంలో అది లాగే కరెంటుకు యూపీఎస్ ఓవర్‌లోడై అన్నింటినీ ఒకేసారి ఆపేస్తుంది.